జప్తు చేశారా, స్వాధీనం చేసుకున్నారా?

వార్తల్లో ఈ రెండు మాటలూ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. నాకైతే వీటి మధ్య చాలా తేడా ఉంది.

'జప్తు' వెనక ఎప్పుడూ ఒక అధికారం ఉండాలి. కోర్టో, ప్రభుత్వమో. పొరుగువాడు మీ స్థలం జప్తు చేయలేడు. చేస్తే అది ఆక్రమణ, మనం మామూలుగా అనే కబ్జా. ఇంకో విచిత్రం, జప్తయిన ఇంట్లోనే యజమాని కాపురం ఉండొచ్చు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం స్థిరాస్తి జప్తు అంటే అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు అనే ఉత్తర్వే. దాన్ని దండోరా వేయించి, కాపీని ఆస్తి మీద అంటిస్తారు. పరువు పోయేది అక్కడే! అదే కోడ్‌లోని 60వ సెక్షన్ ఒంటిమీది బట్టలు, వంట గిన్నెలు, చేతివృత్తివాళ్ల పనిముట్లు జప్తు చేయకూడదంటుంది.

'స్వాధీనం'లో ఆస్తి నిజంగానే చేతులు మారుతుంది. అయితే బలవంతం ఉండాలనేం లేదు. డబ్బు కట్టి కొన్న ఫ్లాట్‌నీ స్వాధీనం చేసుకుంటాం, పోలీసులు దొంగసొత్తునీ స్వాధీనం చేసుకుంటారు. అందుకే వ్యతిరేక పదాలూ వేరు: జప్తును ఎత్తేస్తారు, స్వాధీనం చేసుకున్నదాన్ని తిరిగి అప్పగిస్తారు.

లాక్కోవడం, గుంజుకోవడం కూడా పర్యాయపదాలే కానీ అవి బాధితుడి నోట్లో మాటలు. నోటీసులో కనబడవు.