పుస్తకం వేయించుకునే బెంగళూరు రచయితలకు హెచ్చరిక: ఓకే చేసిన ప్రూఫ్ ఒకటి, అచ్చయి వచ్చింది ఇంకొకటి

ఎవరి గురించో మీకు తెలుసు. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ప్యాకేజీ రేట్ల పోస్టరు పెట్టి ఎడిటింగ్, డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కట్టడం), కవరు, ప్రింటింగు, ఆన్‌లైన్ అమ్మకం అన్నీ మేమే చూసుకుంటాం అంటారే, వాళ్లే. పేరు రాయడం లేదు. నా దగ్గర డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నారు. నా కథల సంపుటి 300 కాపీలు నిన్న ఇంటికొచ్చాయి.

నేను ఓకే చేసిన ప్రూఫ్ (అచ్చుకు ముందు సరిచూసుకునే ప్రతి) 208 పేజీలు. డెమ్మీ 1/8 అనే మామూలు పుస్తకం సైజులో ఫారానికి (ఒకే షీటు మీద కలిపి అచ్చయ్యే పేజీల కట్టకి) 16 పేజీల లెక్కన 13 ఫారాలు. చేతికొచ్చిన పుస్తకం 176 పేజీలు, అంటే 11 ఫారాలు. రెండు ఫారాల కాగితం మిగుల్చుకోవడానికి ప్రూఫ్ ఖాయమయ్యాక మాటమాత్రమైనా చెప్పకుండా ఫాంటు మార్చి, అక్షరం 13 పాయింట్ల నుంచి 11కి దించి, పేజీలు మళ్లీ కట్టారు. బిల్లు మాత్రం 208 పేజీలకే.

చిన్న అక్షరాన్ని కళ్లజోడు పెట్టుకుని చదువుకోవచ్చు. కథల్లో జరిగిన నష్టానికి ఏ కళ్లజోడూ లేదు. సీన్ల మధ్య వదిలిన ఖాళీ లైన్లన్నీ పోయాయి. ఒక పేరాలో తల్లి ఆసుపత్రి మంచం మీద ఉంటుంది, దాన్ని ఆనుకునే ఉన్న పేరాలో పెళ్లిపీటల మీద కూర్చుని ఉంటుంది. మధ్యలో ముప్పై ఏళ్లు గడిచాయని పాఠకుడికి ఎలా తెలియాలి? వర్డ్‌లో ఎంటర్ కొట్టి వదిలిన ఖాళీ పేరాల్ని పేజీలు సర్దేవాళ్లు ఫైండ్ రీప్లేస్‌తో ఒక్క దెబ్బకి ఎత్తేస్తారు. ఎత్తేయకపోయినా, ఆ ఖాళీ సరిగ్గా పేజీ చివరో మొదట్లోనో పడితే కనపడదు. సీను మారిన చోట ఖాళీ వదలకండి, మూడు నక్షత్రాల గుర్తు పెట్టండి.

ఇక అక్షరాలు. సాఫ్ట్‌వేర్ అని రాస్తే సాఫ్ట్వేర్ అని పడింది. పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని గుర్తు ఉంటుంది. యూనికోడ్ నుంచి డీటీపీ ఫాంట్లలోకి మార్చేటప్పుడు అది రాలిపోతే పక్క హల్లు వచ్చి ఒత్తుగా అతుక్కుంటుంది. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్‌కి వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టాలి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. తెలుగు పుస్తకాలు కట్టేవాళ్లకి ఇది మొదటి పాఠం.

ఎడిటింగ్ పేరుతో చేసింది మరీ ఘోరం. అనంతపురం ముసలాయన "యాడికి పోతాండావు రా" అంటే దాన్ని "ఎక్కడికి వెళ్తున్నావురా" అని దిద్దారు. ప్రూఫ్‌లో ఈ మాట సరిగ్గానే ఉంది, ఆ తర్వాతే మార్చారు! కథనం ఏ భాషలో నడిచినా, సంభాషణలో యాసే ఆ మనిషి. యాస తీసేస్తే ఆయనకీ, కథలోని బ్యాంకు మేనేజరుకీ తేడా ఏముంది? యాస మాటల పట్టిక ఒకటి రాసి, వీటిని ముట్టుకోవద్దని ఎడిటరుకి మెయిల్లో పంపండి.

ఫోన్ చేసి అడిగితే వచ్చిన జవాబు ఇది: "మా డిజైనరుకి తెలుగు రాదండీ, షేపు చూసి పెడతాడు. అయినా ఫస్ట్ బుక్ కొనేది మీ చుట్టాలే కదా, వాళ్లు అంత పట్టించుకోరు లెండి." చెప్పిన మనిషి తెలుగువాడే. ఏళ్ల తరబడి రాసుకున్న కథల గురించి, డబ్బు తీసుకున్న చోటినుంచి వినాల్సిన మాటా అది? కొనేది చుట్టాలే అయితే మాత్రం, వాళ్ల చేతుల్లో తప్పుల పుస్తకం పెట్టొచ్చా? తెలుగు చదవలేని మనిషికి అప్పగించి తెలుగు పుస్తకం వేస్తామని డబ్బు తీసుకోవడాన్ని మోసమనే అంటాను. మళ్లీ అచ్చు వేయమంటే కొత్త బిల్లు పంపారు. ఇన్‌డిజైన్ ఫైలు ఇవ్వమంటే అది సంస్థ ఆస్తి అన్నారు.

వెళ్లేవాళ్లు ఇవి చూసుకోండి. చివరి విడత డబ్బు, ప్రెస్సుకి వెళ్లే పీడీఎఫ్ నుంచి తీసిన ఒక శాంపిల్ కాపీ చేతికి వచ్చాకే ఇస్తామని ఒప్పందంలో రాయించండి. పేజీల సంఖ్య, ఫాంటు, పాయింటు సైజు, కాగితం జీఎస్ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువో), ఎడిటబుల్ ఫైలు ఇస్తామన్న మాట కూడా అందులోనే ఉండాలి. ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరుకి) విడిగా డబ్బు అడిగితే ఇవ్వకండి. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది, రచయితే సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. హక్కుల పేరా రెండుసార్లు చదవండి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షను ప్రకారం కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లకి రాసిచ్చినట్టే లెక్క. అచ్చు హక్కు తప్ప అనువాదం, సినిమా, ఆడియో హక్కులేవీ ఇవ్వొద్దు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, గడువు రెండేళ్లు. ఓకే చేసిన ప్రూఫ్ పీడీఎఫ్‌ని అది వచ్చిన మెయిల్‌తో సహా దాచండి, ఫోన్లో మాట్లాడిందంతా ఆ రోజే మెయిల్‌గా వాళ్లకి రాసి పంపండి.