సివిల్ 3డీలో శాటిలైట్ కాంటూర్లు: ప్రాథమిక డిజైన్ వరకు భేషుగ్గా పనికొస్తాయి

రోడ్డు అలైన్‌మెంట్లు (రోడ్డు వెళ్లే దారి గీతలు), చెరువుల క్యాచ్‌మెంట్లు (చెరువులోకి నీరు చేరే ప్రాంతాలు) గీయడం నా పని. సర్వే వాళ్లు సైటుకు వెళ్లకముందే కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, కావాలని అడుగుతారు. అలాంటప్పుడు నేను తెరిచేది ఆటోడెస్క్ సివిల్ 3డీ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్.

కొనేముందు ఒక విషయం తెలియాలి. శాటిలైట్ ఫొటోలో రంగులే ఉంటాయి, ఎత్తులుండవు. కాంటూర్లు పుట్టేది డెమ్ (డిజిటల్ ఎలివేషన్ మోడల్) అనే ఎత్తుల ఫైలు నుంచి. అందులో నేలంతా గడులుగా ఉంటుంది, గడికో ఎత్తు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం డేటా అలాంటిదే. టాన్‌డెమ్-ఎక్స్ ఉపగ్రహాల కొలతల నుంచి వచ్చిన కోపర్నికస్ డెమ్ కూడా అంతే. రెండూ ఉచితంగా దొరుకుతాయి, గడి సుమారు 30 మీటర్లు. నేను వాడేది కోపర్నికస్.

సివిల్ 3డీలో నాకు బాగా నచ్చింది డెమ్‌ను లోపలికి తీసుకునే పద్ధతి. డ్రాయింగ్ సెట్టింగ్స్‌లో ముందే జోన్ (సైటు ఉన్న చోటి కోఆర్డినేట్ సిస్టమ్) పెట్టి, ఫైలు కలిపేటప్పుడు దాని కోఆర్డినేట్ సిస్టమ్ కూడా చెబితే, డిగ్రీల్లో ఉన్న డేటా మీటర్లలోకి మారి సరిగ్గా తన చోట వచ్చి కూర్చుంటుంది. సైటు చుట్టూ డేటా క్లిప్ బౌండరీ గీసి, ఆ తర్వాతే డెమ్ కలపండి. క్లిప్ పనిచేసేది దాని తర్వాత వచ్చే డేటా మీదే. ఈ వరుస పాటిస్తే జిల్లా అంత ఫైలులోంచి మనకు కావలసిన ముక్కే సర్ఫేస్‌లోకి, అంటే సాఫ్ట్‌వేర్ కట్టే నేల నమూనాలోకి, వస్తుంది, డ్రాయింగ్ తేలిగ్గా కదులుతుంది. స్టైల్ మారిస్తే మేజర్, మైనర్ గీతలు వెంటనే మారిపోతాయి. ఎక్స్‌ట్రాక్ట్ కొడితే ఎత్తుతో సహా పాలీలైన్లు చేతికొస్తాయి.

ఇక ఇంటర్వెల్, అంటే పక్కపక్క కాంటూర్ల మధ్య ఎత్తు తేడా. ఆ పెట్టెలో 0.5 అని కొట్టినా సాఫ్ట్‌వేర్ అడ్డు చెప్పదు, అరమీటరు కాంటూర్లు చక్కగా గీసి ఇస్తుంది. అక్కడ ఆగాల్సింది మనమే. కాంటూర్ మ్యాపులకు పాత లెక్క ఒకటుంది: నూటికి తొంభై పాయింట్లలో ఎత్తు తేడా ఇంటర్వెల్‌లో సగం దాటకూడదు. కోపర్నికస్‌కు ప్రకటించిన నిలువు కచ్చితత్వం 90 శాతం స్థాయిలో 4 మీటర్లు. అంటే ఇంటర్వెల్ 8 మీటర్లు, అంతకంటే ఎక్కువ ఉంటేనే నమ్మొచ్చు. నేను 10 పెడతాను. ఎస్‌ఆర్‌టీఎంకు నిర్దేశించింది 16 మీటర్లు, దాన్ని ఈ లెక్కలో పెడితే ఇంటర్వెల్ 32 అవుతుంది. గీత నునుపుగా ఉంది కదా అని డ్రైనేజీ లెవెల్స్ దాని మీద నిర్ణయించకండి, దయచేసి. స్మూతింగ్ స్లైడర్ గీత వంపును మారుస్తుంది, దానివల్ల నేల గురించి కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

చెట్లున్న చోట ఇంకా జాగ్రత్త అవసరం. ఈ రాడార్ కొలిచేది ఆకుల మీద, ఇళ్ల కప్పుల మీద. తోట అంచున కాంటూర్లు ఒక్కసారిగా దగ్గరపడితే అక్కడ గట్టు ఉందనుకోవద్దు, పక్కనే శాటిలైట్ ఫొటో పరిచి చూడండి. ఫొటో నిజంగా ఉపయోగపడేది ఇక్కడే.

జీపీఎస్ పాయింట్లతో పోల్చేవాళ్లు డేటమ్, అంటే ఎత్తును ఏ మట్టం నుంచి కొలిచారో, చూసుకోవాలి. కోపర్నికస్ ఎత్తులు ఈజీఎం2008 జియాయిడ్ (సగటు సముద్రమట్టానికి దగ్గరగా ఉండే మట్టం) మీద ఉంటాయి. రిసీవర్ ఎలిప్సాయిడ్ (భూమికి గణితపరంగా ఇచ్చిన నున్నని ఆకారం) ఎత్తు ఇస్తుంటే కొన్ని ప్రాంతాల్లో పదుల మీటర్ల తేడా కనిపిస్తుంది, ఆ తేడాకు డెమ్‌ను తప్పుపట్టి లాభం లేదు.

కాంటూర్లు మాత్రమే కావాలంటే లైసెన్సు కొనక్కర్లేదు. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. డెమ్‌ను ముందు మీటర్ల ప్రొజెక్షన్‌లోకి మార్చి, కాంటూర్ టూల్‌లో త్రీడీ వెక్టర్ పెట్టెకు టిక్ పెట్టి, క్యాడ్‌లో తెరుచుకునే డీఎక్స్‌ఎఫ్ ఫైలుగా సేవ్ చేయండి. ఆ టిక్ లేకపోతే క్యాడ్‌లో గీతలన్నీ సున్నా ఎత్తులో పడతాయి. కాంటూర్ల మీదే అలైన్‌మెంట్, ప్రొఫైల్ (దారి పొడవునా నేల ఎత్తుల గీత), తవ్వకం-నింపుడు లెక్కలు కూడా నడపాలంటే మాత్రం సివిల్ 3డీ తీసుకోండి. సర్వే పాయింట్లు వచ్చాక వాటితో కొత్త సర్ఫేస్ చేసి, ప్రొఫైల్‌ను దానికి మార్చుకుంటే గీసిన అలైన్‌మెంట్ అలాగే నిలుస్తుంది.