450 పౌండ్ల పొట్టి ట్రాన్స్‌మిషన్ జాక్: ఇంట్లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎక్కించడానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ దించడం కన్నా ఎక్కించడమే కష్టం. అమెరికాలో సొంత గ్యారేజీలో పాత పికప్‌కి ట్రాన్స్‌మిషన్ మార్చుకుందామనుకునేవాళ్లకు మొదట వచ్చే సందేహం ఈ జాక్ గురించే. ఇది కత్తెర మడతలా పైకి లేచే పొట్టి రకం హైడ్రాలిక్ జాక్. మోసే శక్తి 450 పౌండ్లు, అంటే 204 కిలోలు. 1999 నుంచి 2006 దాకా వచ్చిన టూవీల్ డ్రైవ్ సిల్వరాడో 1500లో ఉండే 4ఎల్60-ఈ గేర్‌బాక్స్‌ను ఉదాహరణగా తీసుకుని చెబుతున్నాను. ఆయిల్ లేకుండా దాని బరువు 65 కిలోల పైచిలుకు, ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ అదనం. కాబట్టి బరువు విషయంలో ఈ జాక్‌కి ఏ ఇబ్బందీ లేదు. కొనేముందు చూడాల్సింది ప్లేట్‌ను వంచే మరలు.

ఈ జాక్‌లో ప్లేటు ముందుకీ వెనక్కీ వంగడానికి ఒక మర, పక్కలకు వంగడానికి ఇంకొకటి ఉంటాయి. గేర్‌బాక్స్ వెనకభాగాన్ని మోసే అడ్డదూలం (క్రాస్‌మెంబర్) తీసేయగానే ఇంజన్ వెనకభాగం కిందికి వాలుతుంది. ఇంజన్ ఎంత వాలితే గేర్‌బాక్స్ కూడా సరిగ్గా అంతే వాలి ఉండాలి. అప్పుడే ఇంజన్ బ్లాక్‌కి ఉన్న రెండు డోవెల్ పిన్నులు (రెండింటినీ సరిగ్గా కలిపే మేకులు) గేర్‌బాక్స్ ముందుండే గంట ఆకారపు బెల్ హౌసింగ్ రంధ్రాల్లోకి చేత్తో తోస్తే దిగుతాయి. మామూలు ఫ్లోర్ జాక్ మీద ఈ కోణం దొరకదు, గేర్‌బాక్స్ ఒరిగిపోతుంది. ఫ్లోర్ జాక్‌కి తగిలించే అడాప్టర్ ప్లేట్లు చవకే, కానీ ఫ్లోర్ జాక్ చేయి పైకి లేస్తున్నకొద్దీ వంపు తిరుగుతూ ముందుకో వెనక్కో జరుగుతుంది. ఈ కత్తెర జాక్ నిటారుగా లేస్తుంది. డబ్బు పెట్టాల్సింది ఈ ఒక్క తేడాకే. దుకాణంలో చూసేటప్పుడు ఆ రెండు మరలూ చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుపోయినా, వదులుగా ఊగినా తీసుకోవద్దు.

లోపాలూ ఉన్నాయి. మొదటిది ప్లేటు. సమతలంగా ఉన్న ఇనుప ప్లేటు మీద గేర్‌బాక్స్ పెడితే భారమంతా గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పల్చటి రేకు పాన్ మీద పడుతుంది. పాన్ లోపలికి నొక్కుకుంటే ఫిల్టర్ నోటికి ఆనుకుని ఆయిల్ పీల్చడం తగ్గుతుంది. కొత్త గేర్‌బాక్స్‌లో ప్రెషర్ రావడం లేదని తల పట్టుకునేవాళ్లు ఈ నొక్కును చూడనే చూడరు. ప్లేటు మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క వేసి, నాలుగు మూలల చేతులను పాన్ బోల్టులు ఉండే అంచుకు ఆనేలా సర్దండి. జాక్‌తో వచ్చే గొలుసు అల్యూమినియం కేసుని గీస్తుంది, బిగువు కూడా సరిగా నిలవదు. బదులుగా రాచెట్ పట్టీ వాడడం మేలు.

రెండోది చక్రాలు. చిన్నవి, బ్రేకు లేనివి. కాంక్రీటులో పగులు వచ్చినా, కింద ఒక నట్టు పడి ఉన్నా టక్కున ఆగిపోతాయి. పైన 80 కిలోల బరువు ఊగుతున్నప్పుడు అలా ఆగడం ప్రమాదం. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు పరిస్తే సాఫీగా దొర్లుతుంది. మట్టినేల మీద, కంకర మీద ఈ జాక్ వాడే ఆలోచనే వద్దు.

మూడోది ఎత్తు, ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు. జాక్ పూర్తిగా దించినప్పటి ఎత్తు, దానికి బెల్ హౌసింగ్ ఎత్తు, ఆపైన రెండు వేళ్ల సందు: ఈ మూడూ కలిపినంత ఖాళీ బండి కింద ఉండాలి. కొలవకుండా మొదలెడితే గేర్‌బాక్స్ ఎక్కిన జాక్ ఫ్రేము కిందికి దూరదు. ఖాళీ చాలకపోతే గేర్‌బాక్స్‌ను అట్టముక్క మీద బండి కిందికి లాగి, అక్కడ ఇద్దరు కలిసి జాక్ మీదికి ఎత్తుకోవాలి. బండి మాత్రం నాలుగు స్టాండ్ల మీదే నిలవాలి. ఈ జాక్ బండిని మోయడానికి కాదు.

పని మొదలెట్టేముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఇంజన్ ఆయిల్ పాన్ కింద చెక్కదిమ్మ పెట్టి ఇంకో జాక్‌తో ఇంజన్‌ని ఆపండి. కన్వర్టర్‌లో ఒక లీటరు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) నెమ్మదిగా పోసి, గేర్‌బాక్స్‌లోకి తిప్పుతూ తోయండి. మూడుసార్లు లోపలికి దిగాలి: ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్లు, స్టేటర్ (కన్వర్టర్ మధ్యలోని భాగం) పళ్లు, చివరికి గేర్‌బాక్స్ ఆయిల్ పంపు గాడి. మూడో మెట్టు దిగకుండా బెల్ హౌసింగ్ బోల్టులు బిగించారంటే పంపు పగులుతుంది, ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే గేర్‌బాక్స్ పోతుంది. దిగాక బెల్ హౌసింగ్ ముందు అడ్డంగా ఒక పట్టీ కట్టండి. జాక్ మీద ముక్కు కిందికి వంచినప్పుడు కన్వర్టర్ జారి బయటికి వచ్చేస్తుంది, ఎక్కించేవాళ్లకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. బ్లాక్‌కి ఆనించేముందు పట్టీ తీయడం మరవద్దు.

రెండు డోవెల్స్ ఎక్కి, బెల్ హౌసింగ్ బ్లాక్‌కి చుట్టూరా సమంగా ఆనే వరకూ బోల్టుకి పానా పెట్టకండి. సందు ఉంటే బోల్టుతో లాగడం కాదు, జాక్ మర తిప్పి కోణం మార్చాలి. ఆనాక కన్వర్టర్‌ని చేత్తో తిప్పి చూడండి, తిరగాలి. దానికీ, ఇంజన్ వెనక తిరిగే పల్చటి చక్రం ఫ్లెక్స్‌ప్లేట్‌కీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఖాళీ లేకపోతే వెనక్కి తీయాల్సిందే. అన్నీ సరిగ్గా ఉంటే బెల్ హౌసింగ్ బోల్టులు 50 న్యూటన్ మీటర్లకు, కన్వర్టర్ బోల్టులు 63కి బిగించండి. పై బోల్టులకు చెయ్యి దూరదు. గేర్‌బాక్స్ తోక వైపు నుంచి పొడవాటి ఎక్స్‌టెన్షన్లు, మధ్యలో మెడ తిరిగే జాయింట్ పెట్టి అందుకోవాలి. వెనకభాగాన్ని కొంచెం దించితే దారి ఇంకా సులువు. అంతసేపూ గేర్‌బాక్స్ జారకుండా నిలబెట్టడంలో ఈ జాక్ తన ధరకు న్యాయం చేస్తుంది.

దించడానికి ఉన్న రిలీజ్ మర మాత్రం చాలా సున్నితం. పావు చుట్టు తిప్పితేనే వేగంగా కిందికి వస్తుంది. కొత్త జాక్‌లో గాలి ఉంటే కుదుపులు కూడా ఇస్తుంది, ఆ మర తెరిచి ఖాళీగా పదిసార్లు పంపు కొడితే గాలి పోతుంది. బండి కింద పడుకున్నవాళ్లకి జాక్ పంపు హ్యాండిల్ అందదు, రెండో మనిషి తప్పనిసరి.

జాక్‌తో సంబంధం లేకపోయినా గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ గొట్టాల సంగతి చెప్పకుండా ఉండలేను. పాత గేర్‌బాక్స్ క్లచ్చులు కాలిపోయి చెడితే ఆ చెత్తంతా కూలర్‌లోనే ఉంటుంది. కడగకుండా కలిపితే కొత్తదానిలోకే వెళ్తుంది. కడిగి, కింద చెప్పినట్టు ఆయిల్ పోశాక రిటర్న్ గొట్టాన్ని డబ్బాలో పెట్టి ఇంజన్ ఐడిల్‌లో చూడండి: 20 సెకన్లకు ఒక క్వార్ట్, దాదాపు లీటరు, రావాలి. తక్కువైతే కూలర్ మార్చండి. డెక్స్రాన్ 6 రకం ఏటీఎఫ్ ముందు 5 క్వార్టులు పోసి స్టార్ట్ చేసి, తర్వాత కొద్దికొద్దిగా పోస్తూ వెళ్లాలి. 300 మిల్లీమీటర్ల కన్వర్టర్ ఉంటే మొత్తం 11 క్వార్టుల పైన పడుతుంది. బండి సమతలంగా, వేడెక్కి, పార్క్‌లో ఐడిల్ అవుతుండగా డిప్‌స్టిక్ చూడాలి.

మన ఊళ్లలో ఎక్కువగా తిరిగే ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లకు మాత్రం దీన్ని సిఫారసు చేయను. వాటి గేర్‌బాక్స్ పక్కకు వస్తుంది, అడుగు సమతలంగా ఉండదు, ఇంజన్‌ని పైనుంచి వేలాడదీసే బీము కావాలి.

పికప్‌కి ఒక్కసారి మార్చుకునేవాళ్లు కొనక్కర్లేదు, పనిముట్లు అద్దెకిచ్చే దుకాణంలో తెచ్చుకోవచ్చు. తెచ్చేముందు అక్కడే బరువు పెట్టి పైకి లేపి పావుగంట వదిలేయండి. ప్లేటు కొంచెం దిగినా సీలు పోయినట్టే, వేరేది అడగండి.