సర్వర్ మారింది, తేదీలు తారుమారయ్యాయి: ఒక తరలింపు సేవపై సమీక్ష

మా మందుల హోల్‌సేల్ దుకాణపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను విండోస్ సర్వర్ నుంచి లినక్స్‌కు మార్చే పనిని ఒక సంస్థకు అప్పగించాము. ఫైళ్ల తరలింపు, బ్యాకప్ ఒక్క రాత్రిలో ముగిశాయి. అందుకు వారిని మెచ్చుకోవలసిందే.

చిక్కు మర్నాడు పాత బిల్లుల సీఎస్‌వీ ఫైళ్లను (కామాలతో విడదీసిన పట్టికలను) ఎక్కించినప్పుడు బయటపడింది. ఏప్రిల్ 5 కావలసిన 05/04/2023 కాస్తా మే 4గా నమోదైంది. 25/03/2023 అయితే ఏకంగా 2025 జనవరి 3 అయి కూర్చుంది. పాత విండోస్‌లో ప్రాంతీయ అమరిక భారతదేశానిది కాగా కొత్త లినక్స్‌లో లొకేల్ (అక్కడ ప్రాంతీయ అమరిక పేరు ఇదే) అమెరికాది కావడంతో, తేదీ ఫార్మాట్‌ను తనంతట తాను నిర్దేశించుకోని మా జావా ప్రోగ్రామ్ నెలను ముందు, రోజును తరువాత చదివింది. పైగా జావాలో తేదీలను చదివే సింపుల్‌డేట్‌ఫార్మాట్ అనే భాగం, ప్రత్యేకంగా కట్టడి చేస్తే తప్ప, 25వ నెల లేదని అభ్యంతరం చెప్పదు. రెండేళ్లు ముందుకు జరిపి జనవరి అనేస్తుంది. ఇంత ఉదారత లెక్కల పుస్తకానికి పనికిరాదు.

మొదటి రెండు రోజులు సహాయక సిబ్బంది తప్పు మా డేటాలోనే ఉందని వాదించారు. మూడో రోజు వచ్చిన ఇంజినీరు మాత్రం లొకేల్ కమాండ్ నడిపి నిమిషాల్లో కారణం పట్టుకున్నారు. ప్రోగ్రామ్‌లో ఫార్మాట్‌ను స్పష్టంగా రాసి, తేదీల రాతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 8601 ప్రకారం తేదీలను 2023-04-05 రూపంలోకి మార్చి, రోజు 12 లోపు ఉన్న తేదీల్లో తప్పు కంటికి ఆనదు కనుక ఫైళ్లన్నీ మళ్లీ ఎక్కించారు.

తరలింపుకు నాలుగు నక్షత్రాలు, ముందస్తు పరీక్షకు ఒక్కటే.