ఆటోనగర్ షెడ్డులో మా నాన్న పద్మిని: టింకరింగ్ సూపర్, పెయింట్ తలనొప్పి

నాన్న ప్రీమియర్ పద్మిని కారు పన్నెండేళ్లుగా కొట్టంలో కోళ్లకి గూడైపోయింది. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు ఉండే పాత బండి. ముగ్గురు ఫ్రెండ్స్‌ని వెంటేసుకుని దాన్ని విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి చేర్చాను. పేరు చెప్పను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

టింకరింగ్ మేస్త్రీది మాత్రం బంగారం లాంటి చెయ్యి. కాళ్ల కింద రేకు అప్పడంలా విరిగిపోతుంటే అంతా కోసేసి, కొత్త రేకుని సుత్తితో కొట్టి కొట్టి వంపు తెచ్చి వెల్డింగ్ పెట్టాడు, వేలితో తడిమినా అతుకు దొరకలేదంటే నమ్మండి.

పెయింటింగ్ దగ్గరే నాకు ఒళ్లు మండింది. పది రోజులన్నారు, రెండు నెలలు పట్టింది, ఎప్పుడు ఫోన్ చేసినా "రేపు రండన్నా" అనే మాటే. ఎడమ డోరు మీద సొట్టలు పూడ్చే పుట్టీ ఎంత మందంగా పూశారంటే అయస్కాంతం పెడితే రేకుకి అంటుకోకుండా జారి కింద పడింది. గొడవపడ్డాక మొత్తం గీకేసి మళ్లీ వేశారు, అదనంగా రూపాయి అడగలేదు, అది ఒప్పుకోవాలి.

ఇంజను వాళ్లకివ్వలేదు. ఆదివారాలు మేమే కూర్చుని ఇంజనుకి పెట్రోల్, గాలి కలిపి పంపే కార్బురేటర్ విప్పి, పెట్రోల్‌తో కడిగి, అందులో సన్న రంధ్రాలుండే జెట్లు ఊది బిగించాం. మొదటిసారి స్టార్టయినప్పుడు సైలెన్సర్‌లోంచి పొగతో పాటు కోడి ఈకలు కూడా ఎగిరాయి!

పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి డబ్బు పెట్టేముందు ఆర్‌సీ రెన్యువల్ సంగతి చూసుకోండి. రేకు పనికి ఐదుకి ఐదు, పెయింట్‌కి రెండు. వెళ్తే జేబులో అయస్కాంతం పెట్టుకెళ్లండి.