కార్డు పడింది కదా అని సంబరపడకండి: ఎఫ్‌ఎస్‌ఏతో ట్రెడ్‌మిల్ కొని నేను పడ్డ తిప్పలు

అమెరికాలో ఎఫ్‌ఎస్‌ఏ, హెచ్‌ఎస్‌ఏ కార్డులు వాడే మన వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. రెండూ పన్ను పడకుండా వైద్య ఖర్చులకు డబ్బు దాచుకునే ఖాతాలే; ఎఫ్‌ఎస్‌ఏలో ఏడాదిలోగా వాడనిది చాలావరకు పోతుంది, హెచ్‌ఎస్‌ఏలోది అలాగే ఉంటుంది. ముఖ్యంగా డిసెంబర్ రాగానే "డబ్బు మురిగిపోతుంది, ఏదో ఒకటి కొనేద్దాం" అనుకునేవాళ్ళ కోసం.

2024 చివర్లో నా ఎఫ్‌ఎస్‌ఏలో 1,140 డాలర్లు మిగిలాయి. అప్పట్లో మా ప్లాన్‌లో తర్వాతి ఏడాదికి 640 వరకే తీసుకెళ్ళే వీలుండేది, మిగతా 500 పోయినట్టే. అప్పుడే ఒక ఆన్‌లైన్ షాపు ప్రకటన కంటపడింది: 'ఎఫ్‌ఎస్‌ఏ, హెచ్‌ఎస్‌ఏ చెల్లుతాయి' అని పెద్దక్షరాలతో, 899 డాలర్ల ట్రెడ్‌మిల్. ఇది వైద్యానికే అవసరమని చెప్పే డాక్టర్ లెటర్ కూడా వాళ్ళే ఇప్పిస్తారట, 30 డాలర్లు ఫీజు. ఐదారు ప్రశ్నలకు అవును, కాదు అని టిక్కు పెట్టాను. నడుం నొప్పి ఉందా అంటే ఉందన్నాను. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళలో ఎవరికి లేదు? ఏ డాక్టరూ నాతో మాట్లాడలేదు. కార్డు గీకాను, పడింది. పని అయిపోయిందనుకున్నాను.

ఫిబ్రవరిలో ఎఫ్‌ఎస్‌ఏ చూసే సంస్థ నుంచి మెయిల్ వచ్చింది, రసీదు, లెటర్ పంపమని. పంపాను. రెండు వారాల్లో తిరస్కరించారు. లెటర్‌లో ఫలానా జబ్బు అని లేదు, ట్రెడ్‌మిల్ దానికి చికిత్స ఎలా అవుతుందో లేదు, పైగా లెటర్ మీద తేదీ కొన్న తర్వాతది. డబ్బు తిరిగి కట్టే దాకా కార్డు ఆపేశారు. షాపువాళ్ళను అడిగితే 30 రోజులు దాటాయి, వాపసు కుదరదన్నారు. 'మీ ప్లాన్ ఒప్పుకుంటుందని మేం హామీ ఇవ్వలేదు' అన్న ముక్క వాళ్ళ షరతుల్లో ఎక్కడో అడుగున ఉంది. అదీ వాళ్ళే చూపించారు, నేను చదివి చావలేదు.

సిగ్గుచేటు ఏమిటంటే, ఇలాంటి వ్యాపారాల గురించి అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 2024 మార్చిలోనే హెచ్చరించింది. అందులో చెప్పిన ఉదాహరణ అచ్చు నా కథే: షుగర్ ఉన్న ఒకాయన ఫీజు కట్టి 'డాక్టర్ నోటు' తెచ్చుకుని తిండి ఖర్చు క్లెయిమ్ చేస్తే తిరస్కరిస్తారు. కార్డు పడటమంటే మిషన్ ఒప్పుకుందని మాత్రమే, ఖర్చు చెల్లుతుందని కాదు.

"హెచ్‌ఎస్‌ఏ అయితే ఎవడూ అడగడు బ్రో" అన్నాడు ఆఫీసులో ఒక ఫ్రెండ్. నిజమే, అప్పటికప్పుడు అడగరు. కానీ టాక్స్ కట్టేటప్పుడు ఫారం 8889 మీద మనమే లెక్క చెప్పాలి. చెల్లని ఖర్చైతే ఆ మొత్తం ఆదాయంలో కలుస్తుంది, 65 ఏళ్ళ లోపు వాళ్ళకు మీదనుంచి 20 శాతం అదనపు పన్ను. ఆడిట్ వస్తే రసీదులు చూపాల్సింది మనమే. నాకైతే ఆ టెన్షన్ కంటే ఎఫ్‌ఎస్‌ఏ వాళ్ళ తిరస్కరణే నయం అనిపించింది.

మన ఇళ్ళలో ఇంకో పొరపాటు చాలా మామూలు. అమ్మానాన్న విజిటర్ వీసా మీద వస్తారు, నాన్నకు బీపీ మాత్రలు కావాలి, మెడికల్ షాపులో హెచ్‌ఎస్‌ఏ కార్డు ఇచ్చేస్తాం. కార్డు పడుతుంది కూడా. కానీ ఆ డబ్బు మనకు, భార్యకో భర్తకో, టాక్స్ లెక్కలో మన మీద ఆధారపడినవాళ్ళకు మాత్రమే. ఇండియాలో ఉంటూ నాలుగు నెలలు ఉండి వెళ్ళే తల్లిదండ్రులు మామూలుగా ఆ లెక్కలోకి రారు. వాళ్ళకు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా అంతే. అదే మీరు హైదరాబాద్ వెళ్ళినప్పుడు రూట్ కెనాల్ చేయించుకుంటే అది చెల్లుతుంది. పేరు, తేదీ, ఏ వైద్యమో ఉన్న బిల్లు అడిగి తెచ్చుకోండి.

ఇప్పటికే నాలా ఇరుక్కున్నవాళ్ళు ఆ ఏడాది పాత బిల్లులు వెతకండి. పళ్ళ డాక్టర్, కళ్ళజోడు, 2020 నాటి కరోనా సాయం చట్టం (కేర్స్ యాక్ట్) తర్వాతైతే డాక్టర్ చీటీ లేకుండా కొన్న జ్వరం మాత్రలు కూడా పనికొస్తాయి. నాకు 210 డాలర్ల బిల్లులు దొరికాయి, మా ఎఫ్‌ఎస్‌ఏ సంస్థవాళ్ళు వాటిని బదులుగా తీసుకున్నారు. మిగతా 689 జేబులోంచి కట్టాను. అది ఖాతాలో మిగిలిన 241తో కలిసి 930 అయింది, 640 దాటిన 290 డాలర్లు మురిగిపోనే పోయాయి.