పండగ లక్కీ డ్రా: బట్టలకు నాలుగు స్టార్లు, కూపన్‌కు ఒకటి

విజయనగరంలో ఓ పెద్ద బట్టల షాపు దసరా నుంచి పైడితల్లమ్మ సిరిమానోత్సవం దాకా నడిపిన లక్కీ డ్రా మీద రివ్యూ ఇది. షాపు పేరు అనవసరం. ఇలాంటి కూపన్లే శ్రీకాకుళం జి.టి. రోడ్డులోనూ చేతికొస్తాయి.

బట్టలకు వంక పెట్టేదేం లేదు. కాటన్ చీరలు బావున్నాయి, బిల్లు అడక్కుండానే ఇస్తున్నారు. పేచీ అంతా కూపన్‌తోనే.

మూడు వేలకు కొంటే ఒక కూపన్. బిల్లు 2,740 దగ్గర ఆగిందనుకోండి, కౌంటర్లో కుర్రాడు "ఇంకో రెండొందల అరవై ఎయ్యండమ్మా, కూపనొచ్చేస్తాది" అంటాడు. ఓ టవలు సంచిలో పడుతుంది. ఉచితం అంటే అదీ!

కూపన్ ముందువైపు బైకు, ఫ్రిజ్, 20 మిక్సీల బొమ్మలు. వెనక చీమతల అక్షరాల్లో "షరతులు వర్తిస్తాయి", "యాజమాన్యానిదే తుది నిర్ణయం". డ్రా తేదీ చోట "పండగ తర్వాత" అని ఉంది. బైకు ఏ మోడలో, రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిదో రాయలేదు. అన్నిటికన్నా పెద్ద లోపం, కూపన్ మీద బిల్లు నంబరు లేకపోవడం. రేపు "ఇది మేమిచ్చింది కాదు" అంటే చూపించడానికి ఏమీ ఉండదు. క్యాషియర్ చేత బిల్లు మీద కూపన్ నంబరు రాయించి స్టాంపు వేయించుకోండి. రెండింటికీ అక్కడే ఫొటో తీయండి. ఆ నున్నటి బిల్లు కాగితం మీద అచ్చు కొన్ని నెలల్లోనే చెరిగిపోతుంది.

చట్టం ఏమంటోంది? 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం, ఇచ్చే ఉద్దేశం లేకుండా బహుమతి ఆశ చూపడం, ధరలోనే కలిపేసి ఉచితం అని నమ్మించడం అనుచిత వ్యాపార పద్ధతులు. అమ్మకాలు పెంచుకోవడానికి లాటరీ, పోటీ పెట్టడమూ అంతే, నిబంధనల్లో మినహాయించినవి తప్ప. స్కీము ముగిశాక ఫలితాలు దాచడం మరో తప్పు. ప్రకటన వేసిన పేపర్లోనే, సముచిత గడువులో, కనబడేట్టు ఫలితాలు వేస్తే తెలియజేసినట్టు లెక్క. ఈ షాపు పేపర్లో సగం పేజీ ప్రకటన ఇచ్చి, విజేతల జాబితా మాత్రం మెట్ల పక్కన ఒక తెల్లకాగితం మీద అంటించింది.

పన్ను మాట కూపన్‌లో ఎక్కడా లేదు. బహుమతి విలువ 10 వేలు దాటితే 30 శాతం టీడీఎస్ (ముందే మినహాయించే ఆదాయపన్ను). వస్తువైతే ఆ పన్ను కట్టారని చూసుకున్నాకే చేతికివ్వాలి. తొంభై వేల బైకు తగిలితే 27 వేలు మిమ్మల్నే కట్టమనొచ్చు. అలా కట్టింది ఆదాయపన్ను శాఖ దగ్గర మీ పాన్ మీద ఉండే పన్ను జమల పత్రంలో కనబడాలి.

కూపన్లు వేసే డబ్బా గాజుది, తాళం లేదు. మీ పేరు, ఫోన్ నంబరు ఎవరైనా చదివేయొచ్చు. "కారు గెలిచారు, ముందు జీఎస్టీ పంపండి" అని ఫోనొస్తే పైసా పంపకండి. పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

షాపుతో తేలకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. సరుక్కి చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. కొన్నది విజయనగరంలోనైనా మీ కాపురం ఆమదాలవలసలో ఉంటే శ్రీకాకుళం కమిషన్లోనే వేసుకోవచ్చు. బిల్లు, కూపన్, పేపర్ ప్రకటన మూడూ జతచేయండి. ప్రకటన కత్తిరించి దాచుకోవడం చాలామంది మరిచిపోతారు.

అన్నట్టు, మేడమీద "నెలకు వెయ్యి కట్టండి, డ్రాలో పేరొస్తే మిగతా వాయిదాలు మాఫీ" అని ఇంకో బల్ల వేశారు. అది కూపన్ లాంటిది కాదు, 1978 నాటి చట్టం నిషేధించిన ప్రైజ్ చిట్ బాపతు. అక్కడ సంతకం పెట్టకండి.